భానుమతి స్పానిష్

హిందూపురం బెల్లం మండీల వీధిలో స్పానిష్ భాష వచ్చిన మనిషి ఒక్కతే ఉంది. వీధిలో సగం మందికి ఆ సంగతి తెలియదు. తెలిసిన సగం మంది నమ్మరు. వాళ్లను తప్పుపట్టే పని లేదు. భానుమతిని చూస్తే అలాంటి అనుమానం ఎవరికైనా ఎందుకొస్తుంది? వెలిసిన నేతచీర, చెవులకు చిన్న దిద్దులు, బొడ్లో తాళాల గుత్తి, ఎవరు ఏ గదిలోంచి పిలిచినా "ఆ, వస్తాండా" అనే గొంతు. కింద అన్న గురుమూర్తి మండీ, పైన ఇల్లు, ఆ ఇంట్లో వెనకవైపు గది ఆమెది. కిటికీ తీస్తే బెల్లం వాసన, మూస్తే పెట్టెలో పాత పట్టుచీరల వాసన.

ఆ పట్టుచీరలు ధర్మవరం కాపురం నాటివి. అత్తింటివాళ్లకు అక్కడ చీరల అంగడి. పదకొండేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఒక మధ్యాహ్నం అంగడిలో కూర్చున్న భర్త కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. అత్తింట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకు కష్టమైంది. కోపగించుకునేవాళ్లు ఒక్కరైనా ఉంటే తాను ఇంకా ఆ ఇంటి మనిషేనని నమ్మొచ్చు. ఆమెకు మిగిలింది మర్యాద ఒక్కటే. ఏడాది తిరక్కుండా పుట్టింటికి వచ్చేసింది.

అన్న మంచివాడు, వదిన చెడ్డది కాదు. ఇద్దరూ ఆమెతో మాట్లాడతారు. పప్పు నానేసినావా, గ్యాసు బుక్ చేసినావా, పాలవానికి చెప్పినావా, ఇలా. పొద్దున లేచింది మొదలు ఆమె చెవిన పడే మాటలన్నీ పనుల గురించే. అవి తీసేస్తే తనతో ఎవరూ ఏమీ మాట్లాడటం లేదని ఆమెకు ఎప్పుడో తెలిసింది. తెలిశాక ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

స్పానిష్ ఆ ఇంటికి వచ్చింది మేనకోడలు సుచిత్ర వల్ల. బెంగళూరులో ఉద్యోగం చేసే ఆ పిల్ల, ఆఫీసులో పనికొస్తుందని ఆన్‌లైన్ క్లాసులో చేరి, నాలుగు వారాలు తిరక్కముందే విసుగొచ్చి మానేసింది. కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వరట. ఆ మాట విన్న రోజు గురుమూర్తికి అన్నం సయించలేదు. వ్యాపారస్తుల ఇంట్లో కొన్న వస్తువు వాడకుండా మూలన పడటం కంటే ఘోరం ఇంకొకటి లేదు.

"ఎవరో ఒకరు కూచోండప్పా ఆ క్లాసులో. ఊరికే పోతాది," అన్నాడు.

ఎవరో ఒకరు అంటే ఆ ఇంట్లో భానుమతే. సుచిత్ర పాత ల్యాప్‌టాప్ వెనక గదికి చేరింది. కెమెరా ఆపేసి, మైకు మూసేసి, భానుమతి పాఠాలు విన్నది. ఎక్కడో పుణెలో కూర్చున్న సారు తెర మీద సుచిత్ర అనే పేరు చూసి సుచిత్రకే చెప్తున్నానని అనుకున్నాడు. క్లాసులన్నీ అయ్యేదాకా ఆయన ఆమె గొంతు వినలేదు, ఆమె ఉన్నదన్న సంగతే ఆయనకు తెలియదు. ఆ ఏర్పాటు ఆమెకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

సారుకు క్రియలంటే పిచ్చి. స్పానిష్‌లో నేను చేస్తే క్రియకు ఒక రూపం, నువ్వు చేస్తే ఒకటి, మీరు అని మన్నించి అంటే ఇంకొకటి. నిన్న చేస్తే వేరు, రోజూ చేస్తుండేదాన్ని అంటే వేరు, రేపు చేస్తానంటే వేరు. ప్రతి రూపాన్నీ ముందు పలికే ముక్కలుగా విడగొట్టాలి. తర్వాత బరువు ఏ ముక్క మీద పడుతుందో కనిపెట్టాలి. మాట చివర అచ్చు గాని, న్ గాని, స్ గాని ఉంటే బరువు చివరి నుంచి రెండో ముక్క మీద. వేరే హల్లుంటే చివరి ముక్క మీద. ఈ కట్టుబాటుకు లొంగని మాట ఉంటే దాని నెత్తిన చిన్న గీత పెడతారు, గీత ఎక్కడుంటే బరువు అక్కడ.

భానుమతికి ఇది చాలా నచ్చింది. ఆబ్లొ అని మొదటి ముక్క మీద బరువేస్తే, నేను మాట్లాడుతున్నాను అని. అవే అక్షరాలు, అబ్లో అని బరువు చివరికి నెడితే, ఆమె మాట్లాడింది అని. మనిషి మారిపోయింది, కాలం మారిపోయింది. మండీ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి, బరువు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరిగితే ఎంత తేడా వస్తుందో ఒకరు చెప్పాలా? నేను, నువ్వు, ఆమె, వాళ్లు ఎవరు మాట్లాడినా బరువు మొదట్లోనే కూర్చుని ఉంటుంది. మనం మాట్లాడుతున్నాం అనేసరికి మాత్రం, అబ్లామొస్, పక్క ముక్క మీదికి జరుగుతుంది. ఎందుకో గాని ఆ ఒక్క రూపాన్ని ఆమె ఎప్పుడూ కాస్త గబగబా రాసి దాటేసేది.

క్లాసులు అయిపోయాయి. సారు అందరికీ వీడ్కోలు చెప్పి తెర ఆర్పేశాడు. భానుమతిని మాత్రం క్రియలు వదల్లేదు. దీపాలు పెట్టాక ఆ వీధిలో ఆడవాళ్లు రామకోటి రాసుకుంటారు. ఆమె క్రియలు రాసుకునేది, ముక్కకూ ముక్కకూ మధ్య అడ్డగీత, బరువున్న ముక్క కింద చుక్క. పక్కింటి సుబ్బలక్ష్మమ్మ ఒకసారి మేడ మీదికి వచ్చి తొంగిచూసి, "ఎన్ని లక్షలైనాయమ్మా?" అని అడిగింది. "యాడ, ఇంకా శానా ఉండాదత్తా," అంది భానుమతి. అందులో అబద్ధం ఏమీ లేదు.

తప్పు రాస్తే దిద్దేవాళ్లు లేరు, ఒప్పు రాస్తే మెచ్చుకునేవాళ్లు లేరు. ఆ మాటలు ఆమె నోటినుంచి ఒక్కసారి కూడా మరొకరి చెవికి చేరలేదు.

ఇలా ఉండగా పెనుకొండ నుంచి సిస్టర్ ప్రమీల బెల్లం, చింతపండు కొనడానికి మండీకి వచ్చింది. కొండ కింద ఒక చిన్న కాన్వెంటు, దానికి ఆనుకుని ఆడపిల్లల హాస్టలు ఉన్నాయి. ఆ వంటింటి బాధ్యత ఆమెది. ముదిగుబ్బ పక్క పల్లెలో పుట్టిన మనిషి, గలగలా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం దిగులుగా ఉంది. ఏమైందని గురుమూర్తి అడిగాడు.

"మా పెద్ద సిస్టర్ ఒకామె ఉండాదన్నా, అంపారో అని. పల్లెల్లో అంబారమ్మ అంటారు. స్పెయిన్ ఆమె. వయసులో ఉన్నప్పుడు వచ్చి ఈడనే ఉండిపోయె. మా ఊర్లో మాకు అక్షరాలు నేర్పింది ఆమేనే. తెలుగు మనకంటే బాగా మాట్లాడతాండె. ఇప్పుడు మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు తెలుగు పోయె, తర్వాత ఇంగ్లీషూ పోయె. వాళ్ల భాషొకటే మిగిలింది. ఆకలి అంటాదో, నొప్పి అంటాదో, ఎవరికి తెలియల్ల?"

"దానికేముంది, మా భానుకు వస్తాది కదా ఆ బాస. పొద్దు గూకితే అదే రాస్తాంటాది," అని నవ్వాడు గురుమూర్తి. ఆయన ఎగతాళిగానే అన్నాడు. సిస్టర్ ప్రమీల నవ్వలేదు. నేరుగా మేడ మెట్లెక్కింది.

"నాకు మాట్లాడేది రాదు సిస్టర్. రాసేదే వస్తాది," అంది భానుమతి.

"మాకు అదీ రాదు కదక్కా. శనివారం రాండి."

శనివారం పెనుకొండ బస్సులో కూర్చుని దారి పొడుగునా నోట్లోనే పలకరింపులు వల్లె వేసుకుంది. కాన్వెంటు వరండాలో చక్రాల కుర్చీలో సన్నగా, తెల్లగా ఉన్న ముసలామె కనపడగానే అన్నీ మరిచిపోయింది. సిస్టర్ అంపారో తలెత్తి ఏదో అంది. ఒక మాట ఎక్కడ అయిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలైందో భానుమతికి తెలియలేదు. నోట్సులో అడ్డగీతలు పెట్టుకుని విడివిడిగా కూర్చున్న ముక్కలన్నీ కలిసిపోయి పరుగెత్తుతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, బాగా వచ్చినదే అంది.

"ఆబ్లొ. ఆబ్లస్. ఆబ్ల."

అని ఆగిపోయింది. సిస్టర్ అంపారో ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీ చేతిని వేలితో కొడుతూ, బరువు పడాల్సిన చోట గట్టిగా కొడుతూ, మిగిలినవి తాను చెప్పింది. "అబ్లామొస్. అబ్లాయిస్. ఆబ్లన్." చెప్పి, ఊఁ, తర్వాత ఏది అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లను చూసే చూపు అది. లోపల ఎన్ని పోయినా పంతులమ్మ పోలేదు.

నేను తిరిగొస్తున్నాను అనే రూపాన్ని భానుమతి మూడు ముక్కలు చేసింది, వు-ఎల్-వొ అని. ముసలామె తల అడ్డంగా ఊపి రెండు వేళ్లు చూపింది. ఆ రెండు అచ్చుల్నీ విడదీయకూడదట, వ్వెల్-వొ. భానుమతి ఇన్నాళ్లుగా తప్పు రాస్తోంది. తప్పు బయటపడినందుకు ఆమెకు ఎంత సంతోషం కలిగిందో చెప్తే నవ్వుతారు. తనను ఎవరైనా దిద్ది ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తులేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం పెనుకొండకు పోయేది. ముందు క్రియలు చెప్పుకునేవాళ్లు, ఒకరు మొదలుపెడితే ఒకరు ముగించేవాళ్లు. మెల్లగా వాటి మధ్యలోకి మిగతా మాటలు వచ్చి చేరాయి. నీళ్లు కావాలంటోంది సిస్టర్, పాదాలు చల్లగా ఉన్నాయంటోంది, ఆ కిటికీ మూయమంటోంది, అని భానుమతి చెప్తుంటే సిస్టర్ ప్రమీల పరుగులు పెట్టేది. ఒకోసారి ముసలామె ఆమెను తన దగ్గర చదివిన పిల్ల అనుకునేది, ఒకోసారి చెల్లెలు అనుకునేది. ఏమనుకున్నా 'నువ్వు' అనే పిలిచేది.

ఒక శనివారం ఉన్నట్టుండి, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా నీకు?" అని తన భాషలో అడిగింది.

అదే తెలుగులో అడిగి ఉంటే భానుమతి "నాకేమి, బాగుండా" అనేది. ఇన్నేళ్లూ ఎవరడిగినా అదే అంది. స్పానిష్‌లో అలా తప్పించుకునే మాటలు ఆమెకు తెలియవు, సారు నేర్పలేదు. తెలిసిన మాటలతో చెప్పాలంటే నిజమే చెప్పాలి. "లేదు," అంది. కాసేపు వెతుక్కుని, "ఎస్తోయ్ సోల," అంది. ఒంటరిగా ఉన్నాను అని. ఆ మాట అప్పటిదాకా ఆమె ఏ భాషలోనూ ఎవరికీ చెప్పలేదు.

సిస్టర్ అంపారో ఓదార్చలేదు. భానుమతి చెయ్యి తీసుకుని, ఒక్కో వేలూ మడుస్తూ, "ఎస్-తోయ్, సో-ల," అని ముక్కలు లెక్కపెట్టింది. బాగా పలికావన్నట్టు తల ఊపింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ రోజు బయలుదేరే వేళకు ఒక చిక్కు వచ్చిపడింది. అంతకుముందు శనివారాల్లో ముసలామె కునుకు తీస్తుంటే భానుమతి చప్పుడు లేకుండా లేచి వచ్చేసేది. ఆ రోజు ఆమె మెలకువగా ఉంది, చెయ్యి పట్టుకునే ఉంది. ఏదో చెప్పి లేవాలి. సారు నేర్పిన వీడ్కోలు మాట ఒకటుంది, అదియోస్ అని. దాన్ని విడగొడితే దేవుడి దగ్గరికి అని అర్థం వస్తుందని ఆయనే చెప్పాడు. మంచాన పడే వయసులో ఉన్న మనిషి ముఖం మీద, దేవుడి దగ్గరికి అని చెప్పి లేస్తారా ఎవరైనా? మన వైపు 'పోతా' అనే మాటే నోట రానివ్వం. ఎంత తొందర పనిమీద ఉన్నా పోయొస్తా అనే అంటాం. పోయొస్తాలోని 'పోవడం' అనే క్రియ సారు పాఠాల్లో ఉన్నా, ఆమె దాన్ని పలకదలుచుకోలేదు. రావడం ఒక్కటే చాలనుకుంది.

"వొల్-వె-రే," అంది. తిరిగి వస్తాను. బరువు చివరి ముక్క మీద, ఎక్కడ పడాలో అక్కడే పడింది.

ముసలామె ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి చెయ్యి వదిలింది. తిరుగు బస్సులో భానుమతి గర్వంగా కూర్చుంది.

పోయొస్తా అనేది మనకు మాట కాదు, మర్యాద. డాక్టరుకూ చెప్తాం, రేషను అంగడిలోనూ చెప్తాం, జన్మలో మళ్లీ తొక్కని గడపలోనూ చెప్తాం. చావింట్లో తప్ప ఎక్కడైనా చెప్తాం. ధర్మవరం నుంచి పెట్టెతో సహా బయలుదేరిన రోజు భానుమతి అత్తగారికి దండం పెట్టి, "పోయొస్తా అత్తా" అంది. "పోయిరామ్మా" అంది అత్తగారు. రాదని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎవరికోసం ఎదురుచూడలేదు.

తర్వాతి శనివారం ఆమె పెనుకొండకు పోలేదు. సుచిత్రకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థం ఇంట్లోనే చెయ్యాలన్నారు. సున్నాలు, పిండివంటలు, తాంబూలాల సంచులు, చుట్టాల పడకలు. ఒక శనివారం అడిగితే వదిన, "ఆ ముసలామెకు నువ్వేమైనా అయితావా భానూ? ఈ పని కానీ, తర్వాత ఎన్నిసార్లైనా పోదువు," అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అడిగింది. తాను ఆమెకు ఏమవుతుందో భానుమతికి చెప్పడం రాలేదు. ఆ నెలంతా అలాగే గడిచింది.

నిశ్చితార్థం రోజు పొద్దున, హాల్లో మగపెళ్లివారికి కాఫీలు అందుతుండగా సిస్టర్ ప్రమీల ఫోను చేసింది.

"అక్కా, ఆ పొద్దు నువ్వు మా సిస్టర్‌కు ఏం చెప్పి పోయినావు?"

"ఏం చెప్పలేదే. పోయొస్తా అన్నా."

"వాళ్ల భాషలోనా?"

"వొల్వెరే అన్నా సిస్టర్. తిరిగొస్తా అని. ఏం?"

"అదా. మేము ఏందో జపం అనుకొంటిమి. లేచిన కాన్నుంచి అదే అంటాదక్కా. కుర్చీ గేటు పక్కకు తిప్పమని చేత్తో చూపిస్తాది. చీకటి పడేదాకా ఆడనే. లోపలికి తోస్తే ఏడుస్తాది. నువ్వు పనిలో ఉంటావని నీకు చెప్పలేదు. ఇప్పుడు రెండు మూడు దినాలుగా ముద్ద ముట్టడంలేదు. సాయంత్రం అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోతాండాము. ముక్కులోకి గొట్టం వేయల్లంట. ఈ వయసులో అది తట్టుకుంటాదో లేదో."

భానుమతి స్టోర్ రూములో బియ్యం మూట మీద కూర్చుండిపోయింది. ఆమె అన్నది మర్యాద, ముసలామె విన్నది మాట. ఒంటరిగా ఉన్నానని చెయ్యి పట్టుకుని చెప్పిన మనిషి తిరిగొస్తానంటే ఎవరైనా ఇంకెలా వింటారు? ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు అడుగున ఇంకొకటి కదిలింది, దానికి ఇంకా సిగ్గుపడింది. ఒక మనిషి పొద్దస్తమానం గేటు వైపు చూస్తూ తన కోసం కూర్చుంది. తన కోసం. ఆ ఆలోచన తియ్యగా ఉంది.

హాల్లో ముత్తైదువలను పసుపు కుంకుమలకు పిలుస్తున్నారు. భానుమతిని లోపలికి రావొద్దని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. అనే అవసరం రాకుండా ఆమే ప్రతిసారీ స్టోర్ రూములో ఉండిపోయేది. తలుపు దగ్గర వదిన కనపడింది.

"వదినా, నేను పెనుకొండకు పోవల్ల."

"ఆ, ఆ. పండ్ల తట్టలు పంపినావా?"

"పంపినా."

వదిన అప్పటికే వెనక్కి తిరిగింది. భానుమతి తాళాల గుత్తి కిటికీలో పెట్టి, వెనక మెట్లు దిగి బస్టాండుకు నడిచింది. బస్సు ఊరు దాటాక అన్న ఫోను చేశాడు.

"స్టోర్ రూము తాళం యాడ పెట్టినావు భానూ?"

"కిటికీలో ఉండాదన్నా."

"సరే," అని పెట్టేశాడు. బస్సు చప్పుడు ఆయనకు వినపడలేదేమో. వినపడినా అడగలేదేమో. ఆమె ఫోను సంచిలో వేసుకుంది.

కాన్వెంటు గేటు తీసుకుని లోపలికి వస్తుంటే దూరం నుంచే సిస్టర్ అంపారో కనపడింది. నెలలోనే సగమైంది. మెడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. కళ్లు మాత్రం గేటు మీదే ఉన్నాయి. ఆ కళ్లు భానుమతిని చూశాయి. చూసి, పక్కకు జరిగి, ఆమె వెనక తెరిచి ఉన్న గేటు మీదికి మళ్లీ పోయాయి.

భానుమతి మెట్లెక్కి ముందు నిలబడింది. "సోయ్ యో," అంది. నేనే.

ముసలామె మర్యాదగా తల వంచి, "స్యెంతెసె," అంటూ పక్కనున్న స్టూలు చూపించింది.

కూర్చోండి అని. కూర్చో అని కాదు. చివరి రెండు ముక్కలే మారాయి. దాంతోనే భానుమతికి తెలిసిపోయింది, ఈమె తనను ఎరగదు. క్రియలు అంత బాగా రాకపోయి ఉంటే ఆ సంగతి ఇంకాసేపు తెలియకపోయేది.

ఆమె కూర్చుంది. లోపలినుంచి సిస్టర్ ప్రమీల ప్లేటులో రెండు ఇడ్లీలు తెచ్చి, ఆశగా ఆమె చేతిలో పెట్టి, తలుపు దగ్గర నిలబడింది. భానుమతి ఇడ్లీ తుంచి అందించబోతే ముసలామె ముఖం తిప్పుకుంది.

"ఎస్పేరొ," అంది. ఎదురుచూస్తున్నాను. "వొల్వెరా." ఆమె వస్తుంది. బరువు సరిగ్గా చివరి ముక్క మీద.

"ఎవరు?" అని అడిగింది భానుమతి, స్పానిష్‌లో.

సిస్టర్ అంపారో ఆలోచించింది. పేరు దొరకలేదు. వేలితో కుర్చీ చేతిని తడుతూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. ఆమెకు సరిగ్గా మాట్లాడటం రాదట. బరువులు తన ఇష్టమొచ్చిన చోట పెడుతుందట. చెప్పి చిన్నగా నవ్వింది. అయినా వస్తుందట. "పేరొ వ్యేనె," అని మళ్లీ అంది. కానీ వస్తుంది.

తాను లేని చోట తన గురించి ఎవరైనా ఇంత ప్రేమగా మాట్లాడతారని భానుమతి ఎన్నడూ అనుకోలేదు. ఆమె నేనేనమ్మా అని ఇంకొకసారి చెప్పడానికి నోరు తెరిచింది. చెప్తే నమ్మదు. నమ్మకపోతే, వచ్చే మనిషి కూడా లేకుండా పోతుంది. మూసుకుంది.

"వొల్వెరా," అంది ఆమె కూడా. వస్తుంది. "కోమ." మీరు తినండి.

ఆ మాట ఇంకొకరి నోట వినేసరికి ముసలామెకు ధైర్యం వచ్చినట్టుంది. నోరు తెరిచింది. మెల్లగా, ముక్క తర్వాత ముక్క, ఒక ఇడ్లీ మొత్తం తినింది. తలుపు దగ్గర సిస్టర్ ప్రమీల కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"దేవుడు మేలు చేసినాడు. ఇంక ఆస్పత్రి పని లేదక్కా. ఆ రెండోది కూడా పెట్టు."

భానుమతి రెండో ఇడ్లీ తుంచడానికి చెయ్యి చాచింది. సిస్టర్ అంపారో ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. ప్లేటును తన ఒడిలోకి లాక్కుని, దాని మీద అరచెయ్యి కప్పింది.

"ఎస్ పార ఏయ," అంది.

"ఏమంటాదక్కా?"

భానుమతి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంకొకామె వస్తాదంట సిస్టర్. అది ఆమెకంట. నన్ను ముట్టొద్దంటాది."

పొద్దున కాఫీ తప్ప ఏమీ తీసుకోని భానుమతికి అప్పుడు ఆకలి తెలిసింది. స్టూలు కుర్చీకి దగ్గరగా జరుపుకుని, ముసలామెతో పాటు ఆమె కూడా గేటు వైపు చూస్తూ కూర్చుంది.